రాయప్పకు నేను ఎంచిన కొండ

1987వ సంవత్సరం. యానాంలో మా ఇంటి ముందుగదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు పెద్ద ఇండియా పటం ఉండేవి. పటం మీద అక్కడక్కడా ఎర్ర చుక్కలు. కొన్ని కొండల మీద, కొన్ని సముద్రపు ఒడ్డున. ఒక్కో చుక్క ఒక్కో విడిది. మద్రాసులోని ఒక కంపెనీ తరఫున ఆ విడుదుల సభ్యత్వాలు అమ్మే ఏజెంటుని నేను.

ఆ రోజుల్లో టైమ్‌షేర్ అనే మాట మా వైపు ఎవరికీ తెలియదు. విడిదిలో ఒక గదిని ఏడాదికి ఒక వారం చొప్పున ముప్పై ఏళ్ళకు పైగా మన పేరున రాయించుకోవడమే టైమ్‌షేర్. చేరేటప్పుడు కంపెనీ విడుదుల్లో ఒకదాన్ని హోమ్ రిసార్ట్‌గా ఎంచుకోవాలి. అక్కడ గది దొరకడంలో మొదటి హక్కు మనది. వేరే విడిదికి పోవాలంటే మన వారాన్ని వదులుకుని ఎక్స్‌ఛేంజ్ అడగాలి. అక్కడి సభ్యులు వద్దనుకున్న గది మిగిలితేనే మనకు ఇస్తారు. అందువల్ల సభ్యత్వం ఎంత మంచిదన్నది ఆ మొదటి రోజు ఎంచుకున్న ఊరి మీదే ఆధారపడి ఉంటుంది. ఈ సంగతి తెలిసిన ఏజెంటు మొదట హోమ్ రిసార్ట్ గురించే మాట్లాడతాడు.

మద్రాసులో మాకు పది రోజులు శిక్షణ ఇచ్చారు. ఎవరు వెళ్తారు, వాళ్ళ వయసెంత, ఎవరికైనా జబ్బుందా, ఏం చూడాలని వెళ్తున్నారు అని నాలుగు ప్రశ్నలు అడగకుండా దరఖాస్తులో హోమ్ రిసార్ట్ గడి నింపకూడదని చెప్పారు. ప్రశ్నల కాగితం కూడా ఇచ్చారు. నేను దాన్ని యానాం తెచ్చి సొరుగులో పెట్టేశాను. ఫ్రెంచివాళ్ళ హయాంలో మా తాతగారికి సొంత ఓడలుండేవి. నా చేతికి వచ్చేసరికి ఇల్లూ ఇంటిపేరూ మిగిలాయి. గడప తొక్కిన మనిషిని ఎందుకొచ్చావని అడిగే అలవాటు మా ఇంట్లో లేదు. పరాయి ఇంటి ఆడవాళ్ళ జబ్బుల గురించి ఆరా తీయడం అసలే లేదు. బతుకుతెరువు కోసం ఏజెంటునయ్యాను కాని, మర్యాద తెలియని వ్యాపారిని కాలేదని నాకు నేను చెప్పుకునేవాణ్ణి.

ఆ ఏడాది చివర్లో రాయప్ప వచ్చారు. మా యానాంలోనే ఫరంపేట మనిషి. ప్రభుత్వ గిడ్డంగిలో స్టోర్ కీపరుగా చేసి అప్పుడే రిటైరయ్యారు. వాళ్ళ నాన్న మా తాతగారి ఓడ మీద సరంగు, నావికుల పెద్ద. నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్దవారైనా, చిన్నప్పటి నుంచి నేను ఆయన్ని పేరు పెట్టే పిలిచేవాణ్ణి. ఆయన నన్ను బాబుగారూ అనేవారు. కూర్చోమన్నాను. కుర్చీ అంచున కూర్చున్నారు.

ఆయన ఎందుకు వచ్చారో నాకు ఏడాది దాటాక గాని తెలియలేదు. చదివేవారికి ముందే చెప్పేస్తాను. ఆయన భార్య తెరేజమ్మకు గుండె జబ్బు. కవాటం సరిగా మూసుకోదని, ఎత్తులు ఎక్కకూడదని కాకినాడ డాక్టర్లు చెప్పారు. ఆవిడ కాకినాడ దాటి ఎటూ వెళ్ళలేదు. పాత గోవాలోని పెద్ద గుడిలో, అంటే అక్కడి పాత చర్చిలో, ఒక్కసారి మోకరించాలన్నది ఆవిడ కోరిక. మా కంపెనీకి గోవాలో ఒక విడిది ఉందని, తలుపు తీస్తే ఇసుకలోకే అడుగు పెట్టే కింది గదులు అందులో ఉన్నాయని మా పుస్తకంలోని బొమ్మ చూసి ఆయన తెలుసుకున్నారు. ఆ గది కోసమే వచ్చారు.

"గోవా ఎలాగుంటాదండి బాబుగారూ?" అని అడిగారు.

నేను నవ్వాను. "గోవా ఎందుకు రాయప్పా? తాగడానికి యానాం చాలదా నీకు?"

మా ఊళ్ళో అందరికీ తెలిసిన పరాచికమే అది. చుట్టుపక్కల ఆంధ్రా జనం మా ఊరికి వచ్చేది చవక మందు కోసమే. రాయప్ప జన్మలో చుక్క ముట్టని మనిషి. ఆయన కూడా నవ్వారు. చెవులు ఎర్రబడ్డాయి. చేతిలోని పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"కొడైకెనాల్ తీసుకో," అన్నాను. "మా తాతగారు ఎండాకాలం వస్తే మమ్మల్ని కొండ మీదకే తీసుకెళ్ళేవారు. మర్యాదస్తులు వెళ్ళే చోటు అది. సరస్సు, పొగమంచు, గుర్రాలు."

"కొండ బాగా ఎత్తేనాండి?"

"ఏడువేల అడుగులు!"

"అబ్బో," అన్నారు. గోడ మీది పటం వైపు చూసి, "బస్సు సరాసరి పైకెళ్ళిపోద్దాండి? మధ్యలో ఎక్కడైనా ఆగొచ్చాండి?" అని అడిగారు.

"ఆగడం ఎందుకయ్యా? మూడు గంటల్లో పైన ఉంటావు."

"ఆయ్, మీరెలా అంటే అలాగేనండి."

హోమ్ రిసార్ట్ గడిలో కొడైకెనాల్ అని నా చేత్తో రాశాను. మా సరంగు కొడుకుని మా తాతగారు తిరిగిన చోటికి పంపుతున్నానని ఆ రోజంతా సంతోషపడ్డాను. నేను కొండకు చివరిసారి వెళ్ళింది ఆరేళ్ళ వయసులో. గోవా అసలు చూడనేలేదు. ఈ రెండు సంగతులూ ఆయనకు చెప్పలేదు.

తరువాతి నెలలో ఆయన రెండుసార్లు మా ఇంటికి వచ్చారు. ఒకసారి అరటిగెల తెచ్చారు, ఇంకోసారి పండుగప్ప చేప. రెండుసార్లూ గోడ మీది పటం ముందు నిలబడి, గోదావరి పోటు గురించీ మా నాన్నగారి గురించీ మాట్లాడి వెళ్ళిపోయారు. ఊరు మార్చమని అడగడానికి వస్తున్నారన్న ఆలోచన నాకు రాలేదు. పెద్దింటికి కానుక తెస్తున్నాడనుకున్నాను.

మరుసటి ఏడాది మే నెలలో రాయప్ప, ఆయన భార్య కొడైకెనాల్ బయలుదేరారు. పది రోజులకు తిరిగొచ్చారు. రాయప్ప మా ఇంటికి వచ్చి ఒక సీసా యూకలిప్టస్ తైలం బల్ల మీద పెట్టారు.

"ఎలా ఉంది రాయప్పా?"

"స్వర్గమేనండి బాబుగారూ! ఆ సరస్సు, ఆ పడవలు, బాతులు. మా ఆవిడైతే గుర్రం చూసి ఒకటే నవ్వండి."

జూన్ మూడో వారంలో మద్రాసు నుంచి కవరొచ్చింది. సభ్యుడు గది రాయించుకుని రాకపోతే విడిదివాళ్ళు పంపే కాగితాన్ని మా పనిలో నో-షో స్లిప్పు అంటారు. ఆ కవర్లో రాయప్ప పేరుతో ఆ స్లిప్పు ఉంది. వాళ్ళు కొడైకెనాల్ విడిదిలో అడుగు పెట్టనేలేదు.

అప్పుడే ఫరంపేట వెళ్ళి అడగాల్సింది. నేను వెళ్ళలేదు. మనిషి అబద్ధమాడాడని తెలిసినా బయటపెట్టకపోవడం మర్యాద అనుకున్నాను. ఆ అబద్ధం ఎవరి పరువు కాపాడుతోందో ఆలోచించలేదు. పైగా మా కంపెనీకి ఒక నిబంధన ఉండేది. సభ్యుడు హోమ్ రిసార్ట్‌లో ఒక్కసారి కూడా దిగకముందు, ఏజెంటు తప్పు సలహా ఇచ్చాడని తేలితే, ఊరు మార్చుకోవచ్చు. వాళ్ళు దిగలేదు కనుక దారి తెరిచే ఉంది. నేనది ఎవరికీ చెప్పలేదు.

వర్షాలు తగ్గాక రాయప్ప మళ్ళీ వచ్చారు. "ఈసారి గోవాకి ఎక్స్‌ఛేంజ్ అడగొచ్చాండి? ఊరికేనండి, మార్పు కోసం," అన్నారు. డిసెంబరుకు రాశాను. ఖాళీ లేదని జవాబొచ్చింది. జనవరికి రాశాను. మళ్ళీ అదే జవాబు. ఆ నెలల్లో గోవా గదులు గోవా సభ్యులకే చాలవు.

రెండో జవాబు క్రిస్మస్ వెళ్ళిన వారంలో వచ్చింది. దాన్ని నేనే ఫరంపేట తీసుకెళ్ళాను. రాయప్ప ఇంట్లో లేరు. తెరేజమ్మ అరుగు మీద నులకమంచంలో, వీపు వెనక మూడు దిండ్లు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. కాళ్ళు వాచి ఉన్నాయి. నాలుగు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నారు. చూసిన క్షణంలోనే నాకు సగం అర్థమైంది.

"రండి బాబుగారూ. లేవలేను, ఏమనుకోకండి. కాగితం తెచ్చారా? లేదన్నారు కదండి?"

"అవునమ్మా."

"మీ మొహమే చెప్తోందిలెండి." నవ్వారు. "మా ఆయన మీకు సరస్సు గురించి చెప్పారటగా. బాతులు కూడా ఉన్నాయన్నారా?"

చేతిలోని కాగితాన్ని మడిచాను.

"బాతులు మన అడవిపొలంలోనూ ఉన్నాయండి. ఆయనకి అబద్ధం చెప్పడం రాదండి, చూసిందే చెప్తారు. మేం పైకెళ్ళలేదు. సగం కొండెక్కేసరికి నాకు ఊపిరాడలేదు. పెదాలు నీలంగా అయిపోయాయట. డ్రైవరు భయపడి దింపేశాడు. కిందకెళ్ళే లారీలో ఎక్కించారు నన్ను. కొండ కింద లాడ్జిలో ఆరు రోజులున్నామండి. కిటికీలోంచి కొండ కనపడేది. బాగానే ఉంది కొండ."

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా?"

"మీరు ఎంచిన ఊరు కదండి. 'పెద్దింటాయన మనసు పెట్టి రాశారే, బాగోలేదని ఎలా చెప్తాం?' అన్నారండి ఈయన. ఆ సీసా కూడా కింద బజార్లోనే కొన్నారు."

గోవా ఎందుకు కోరుకున్నారని అప్పుడు అడిగాను. శిక్షణ కాగితంలోని నాలుగో ప్రశ్న అది. ఏడాది ఆలస్యంగా అడిగాను. గుడి గురించి చెప్పారు.

"మరి ఆ రోజే చెప్పి ఉంటే..."

"చెబ్దామనే వచ్చారండి. మీరు తాగుడు మాట అన్నారట. నవ్వులకే అన్నార్లెండి. అలా అన్నాక దేవుడి గుడి పేరెత్తడానికి ఆయనకి నోరు రాలేదట." ఊపిరి తీసుకున్నారు. "ఇప్పుడేమన్నా మారుద్దాండి?"

"మారుతుందమ్మా. నేను రాస్తాను."

"కాస్త తొందరగా రాయండి. డాక్టరుగారు నా మొహం చూడకుండా మాట్లాడుతున్నారు ఈమధ్య."

ఆ వారమే రాశాను. సభ్యుడి భార్య అనారోగ్యం వల్ల హోమ్ రిసార్ట్ మార్చవలసిందిగా కోరాను. జనవరి చివరి వారంలో ఆ కాగితం తిరిగొచ్చింది. అనారోగ్యం కారణంగా మార్చే నిబంధన లేదు. నేను తప్పు సలహా ఇచ్చాను, అడగవలసినవి అడగలేదు అని ఏజెంటు ఒప్పుకుంటూ సంతకం చేసిన పత్రం ఉంటేనే మారుస్తామన్నారు. పత్రం నమూనా కూడా జత చేశారు. రెండు వాక్యాలు, కింద సంతకం.

ఆ రెండు వాక్యాల కింద సంతకం చేయడానికి నాకు నలభై రోజులు పట్టింది.

ఎందుకని చాలామంది అడుగుతారు. ఏజెన్సీ పోతుందన్న భయం లేదు. అలా ఎవరిదీ తీసేయలేదు. యానాంలో మా ఇంటిపేరుతో ఎన్నో పత్రాలున్నాయి. ఒక్కదాంట్లోనూ మేము తప్పు చేశామని లేదు. మద్రాసులో ముక్కూమొహం తెలియని గుమాస్తా ఒకడు అది చదివి ఫైల్లో పెడతాడన్న ఊహ నేను భరించలేకపోయాను. మాటలు మార్చి రెండు ఉత్తరాలు రాశాను. రెండింటికీ అదే జవాబు. తెరేజమ్మ అరుగు మీద కూర్చునే ఉంటారు, ఎక్కడికి పోతారు అనుకున్నాను. నిజంగానే అలా అనుకున్నాను.

మార్చి మొదట్లో సంతకం చేసి రిజిస్టర్ పోస్టులో పంపాను. ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం ఇంకా రాకముందే తెరేజమ్మ పోయారు. హోమ్ రిసార్ట్ గోవాకు మారిందన్న ఉత్తరం ఏప్రిల్లో వచ్చింది. కింది అంతస్తు గది, ఇద్దరు మనుషులు అని అందులో టైపు చేసి ఉంది.

అది తీసుకుని ఫరంపేట వెళ్ళాను. రాయప్ప కుర్చీ తెచ్చి వేసి తను నిలబడ్డారు. నేను కూర్చోలేదు.

"రాయప్ప గారూ," అన్నాను. "తప్పు నాది. అడగాల్సింది అడగలేదు. మీరు చెప్పబోతే చెప్పనివ్వలేదు. తెలిశాక కూడా ఆలస్యం చేశాను. నన్ను క్షమించండి."

ఆయన కంగారుపడిపోయారు. "అయ్యయ్యో, అదేంటి బాబుగారూ, నన్ను 'గారూ' అంటారేంటి? మీ తప్పేముందండి? నోరు విప్పి చెప్పలేకపోయింది నేను. మీరు మంచి ఊరే రాశారండి. మా ఆవిడకే ప్రాప్తం లేదు."

"కాదు, వినండి..."

"కూర్చోండి బాబుగారూ. మజ్జిగ తెస్తాను." లోపలికి వెళ్ళిపోయారు. ఎంతసేపటికీ బయటికి రాలేదు. లోపల గిన్నెల చప్పుడు లేదు. ఉత్తరాన్ని కుర్చీలో పెట్టి వచ్చేశాను. ఆయన ఆ సభ్యత్వాన్ని ఎప్పుడూ వాడుకోలేదు.

ఆ తరువాత ఆరేళ్ళు ఈ పని చేశాను. ఏ ఇంట్లోనూ నాలుగు ప్రశ్నలూ అడగకుండా గడి నింపలేదు. జబ్బుల గురించి అడిగితే కొందరు చిరాకుపడ్డారు, పడనిచ్చాను. "మీరెలా అంటే అలాగేనండి" అని ఎవరన్నా అంటే కాగితం మూసి, ఇంట్లో మాట్లాడుకుని రమ్మని పంపేసేవాణ్ణి. ఆ మాటను ఒప్పుకోలుగా తీసుకోవడానికి మనసొప్పేది కాదు. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు ఉపయోగపడే పాఠం అంతవరకే.

మిగిలింది ఎవరికీ ఉపయోగపడదు. నేను తప్పు చేశానని తెలిసి, ఆ మాట నా మొహం మీదే నవ్వుతూ చెప్పిన మనిషి తెరేజమ్మ ఒక్కరే. క్షమించగల మనిషీ ఆవిడే. రాయప్ప గారు నన్ను ఏనాటికీ క్షమించలేరు. ఆయన లెక్కలో నేను తప్పు చేయనేలేదు.