దొరకడి అక్క

బాక్సింగ్ హాల్లో ఆమెను అందరూ అక్క అనే పిలిచేవారు, ఆమెకన్నా పదేళ్లు పెద్దవాడైన కోచ్‌తో సహా. నిజానికి ఆమె ఒక్కడికే అక్క. తల్లి పోయేనాటికి తమ్ముడు చంటివాడు. ఎత్తుకుని పెంచింది ఆమే. ఒకప్పుడు తనూ రింగులో దిగిన మనిషి. భుజం పాడై ఆట మానేసి, ఒక హోటల్ లాండ్రీలో ఇస్త్రీ పనికి కుదిరింది. పగలంతా ఆవిరిలో దుప్పట్లు, తలగడ గలేబులు. సాయంత్రం మాత్రం తమ్ముడిదే.

మొదట్లో వాడు గ్లోవ్స్ రెండూ మొహానికి అడ్డం పెట్టుకుని గోడలా నిలబడేవాడు.

"అలా దాక్కుంటే దెబ్బలన్నీ చేతులమీద పడతాయి, నిజమే. కానీ ఆ బరువు మోసేది నీ ఊపిరేరా పిచ్చోడా," అనేది. "తల కాస్త పక్కకి తీసెయ్. అరడుగు వెనక్కెయ్. వాడి గుద్దు గాల్లోకి పోవాలి, దాంతోపాటు వాడి దమ్మూ పోవాలి."

రెండేళ్లు తిరిగేసరికి వాణ్ణి తాకడం ఎవరి తరమూ కాలేదు. దొరకడు అని పేరు పడింది. ఆ పేరు విన్నప్పుడల్లా ఆమె మొహం చాటంత అయ్యేది.

దమ్ము పెంచడానికి తెల్లవారగానే ఎత్తు రోడ్డు మీద పరుగు. కొంతదూరం నెమ్మదిగా, కొంతదూరం ప్రాణం పెట్టి, మళ్లీ నెమ్మదిగా. ఆమె పక్కనే సైకిల్ మీద. ఒకరోజు వాడు సగం దారిలో ఆగి, ప్రహరీ గోడ పట్టుకున్నాడు.

"అక్కా, గుండెల్లో ఏదో పట్టేసినట్టుంది."

"బద్ధకం పట్టేసింది. పద పద!"

వాడు నవ్వి, మళ్లీ పరుగందుకున్నాడు. ఆ మాట తర్వాత ఆమెను ఎంత తినేసిందో చెప్పలేం.

కొన్ని వారాలకు, ప్రాక్టీసు రౌండులో ఎదుటివాడి చెయ్యి తగలకుండానే వాడు మోకాళ్లమీద కూలబడ్డాడు. "ఏంట్రా, నీ గాలికి నువ్వే పడిపోయావా?" అన్నాడు కోచ్. అందరూ గొల్లున నవ్వారు. ఆమె నవ్వలేదు. తమ్ముడి పెదాలు నేరేడు పండు రంగులో ఉన్నాయి.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ ఏదీ దాచలేదు. పుట్టుకతోనే గుండె కండరం మందంగా ఉంది. మందులు వాడుతూ మామూలు పనులు చేసుకుంటే ఫర్వాలేదు. ఇలాంటి ఆటలు ఆడితే మాత్రం గుండె ఎప్పుడైనా ఆగిపోవచ్చు.

ఆసుపత్రి మెట్లు దిగుతూ వాడన్నాడు, "ఎవరికీ చెప్పకక్కా."

"నువ్వు మానేస్తే నేనెందుకు చెప్తాను?"

మానేశాననే అన్నాడు. ఆమె నమ్మింది. ఒక శనివారం లాండ్రీ వ్యాను డ్రైవరు మూటలు దించుతూ, "రేపు మీ తమ్ముడి పోటీ అట కదమ్మా, పోస్టర్ మీద ఫొటో అదిరింది," అన్నదాకా నమ్మింది. వాడు ఊరి అవతల ఇంకో హాల్లో చేరి ప్రాక్టీసు చేస్తున్నాడు.

మర్నాడు ఆమె వెళ్లేసరికి వాడు బట్టలు మార్చుకునే గదిలో బెంచీ మీద కూర్చుని చేతులకు గుడ్డపట్టీలు చుట్టుకుంటున్నాడు. అక్కను చూసి లేవలేదు.

"మూడు రౌండ్లేనక్కా. నన్నెవడూ ముట్టుకోలేడు. నువ్వే కదా నేర్పావు."

"వాడు కొడతాడని కాదురా నా భయం."

"ఇదొక్కటీ ఆడనియ్. నీ కాళ్లు పట్టుకుంటా." నిజంగానే వంగబోయాడు. ఆమె వెనక్కి జరిగింది. వాడి గొంతు మారిపోయింది. "వెళ్లి చెప్పావంటే, నాకు అక్క లేదనుకుంటా."

పోటీ డాక్టరు వరండా చివర బల్ల వేసుకుని ఒక్కొక్కరి నాడి చూస్తున్నాడు. ఆమె అటు నడిచింది. మధ్యలో ఒకసారి ఆగిపోయింది కూడా. మూడు రౌండ్లే కదా, ఏమీ కాదేమో అనుకుంది. అంతలోనే ఆ పెదాల రంగు కళ్లముందు మెదిలింది. వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

పోటీలోంచి వాడి పేరు తీసేశారు. చేతుల పట్టీలు విప్పకుండానే వాడు గేటు దగ్గర ఆమెకు ఎదురొచ్చాడు. అరుస్తాడనుకుంది. అరవలేదు.

"ఎటునుంచి దెబ్బొచ్చినా చూసుకున్నాను. నీ వైపే చూసుకోలేదు."

అంతే. ఆ వారమే పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు. ఫోన్ చేస్తే తీయడు. టైర్ల దుకాణంలో లెక్కలు చూసుకుంటున్నాడని పిన్ని చెబితే, ఆమె ఒకసారి వెళ్లింది. వాడు లోపలికి పోయి, ఇంకొకరిని బయటికి పంపాడు. "ఏం కావాలమ్మా?" అని ఆ మనిషి మర్యాదగా అడిగాడు. ఏం చెప్పాలో తోచక టైరు ధర అడిగి వచ్చేసింది.

వాడి పెళ్లి అయిందనీ పిన్నే చెప్పింది. పిలుపు రాలేదు. బాక్సింగ్ హాలు ఉన్న వీధివైపు ఆమె వెళ్లడం మానేసింది. ఆ వీధి తప్పించడానికి చుట్టూ తిరిగి పనికి పోతుంది.

మొన్న పిన్ని వచ్చినప్పుడు ఆమె ఎప్పటిలాగే అడిగింది. "మందులు వేసుకుంటున్నాడా?"

"వేసుకుంటున్నాడే."

"నా గురించి ఏమైనా..."

పిన్ని ఫోన్ తీసి ఒక ఫొటో చూపించింది. దుకాణం ముందు వాడు, చంకలో పాప. బుగ్గలు వచ్చాయి. చొక్కా గుండీలు పొట్టమీద బిగిసిపోయాయి.

"అయ్యయ్యో, వీడికి బొజ్జ వచ్చిందే పిన్నీ!" అని ఆమె పగలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ అలాగే గోడకు జారగిలబడి కూర్చుంది. అది ఏడుపని పిన్నికి తెలియడానికి కాస్త సమయం పట్టింది.