గుండీలు లేని చొక్కా

నేనిప్పుడు ఉంటున్న మిల్టన్‌లో మా పక్కింటి ఫిలిప్పీన్స్ ఆవిడ మారిసెల్, తుఫానుకి ఇళ్లు పోయిన తన ఊరివాళ్ల కోసం పెద్ద అట్టపెట్టె సర్దుతోంది. పాత బట్టలే. అయినా ఇస్త్రీ చేసి, మడతల మధ్య సబ్బుబిళ్లలు పెడుతోంది. ఒక చొక్కాకి ఊడిన గుండీ కుడుతుంటే, "ఇప్పుడిదంతా ఎందుకండీ?" అన్నాను.

"వాళ్లు వేసుకోవాలి కదా," అంది.

నాతో చదువుకున్న మీకు మన ఊరి తుఫాను గుర్తుందా? బడిలో తలదాచుకున్న మన మీదకి లారీలోంచి బట్టలు విసిరారు. నాకు గళ్ల చొక్కా దొరికింది. గుండీలన్నీ బ్లేడుతో శుభ్రంగా కోసి దాచుకున్నాకే దానం చేశారు ఆ మహానుభావులు.

దాతలకి దండం పెట్టమని మేష్టారు వరసలో నిలబెట్టారు. వేసుకున్న ఆ చొక్కాని ఒక చేత్తో దగ్గరికి పట్టుకుని, రెండో చెయ్యి ఎత్తాను.

"రెండు చేతులూ జోడించరా," అన్నారు.

జోడించాను. చొక్కా బార్లా తెరుచుకుంది.