రాజావారి పదివేల అడుగులు

ఆఫీసులో పెద్ద గుమాస్తా ఆయన. కుర్చీలోంచి లేవాలంటే రెండుసార్లు మూలుగుతాడు. కింద పడ్డ కలం తీసుకోవాలన్నా బంట్రోతును కేకేస్తాడు. అయినా రోజూ పదివేల అడుగులు వేసినట్టు ఫోన్లో లెక్క చూపించి, పక్క సీట్లవాళ్లకి ఆరోగ్యం మీద క్లాసు పీకుతాడు. ఆ అడుగులు లెక్కపెట్టే గడియారం మాత్రం పొద్దస్తమానం ఆయన భార్య చేతికే ఉంటుంది. ఇల్లు ఊడ్చేదీ, మేడమీద బట్టలు ఆరేసేదీ, బజారుకెళ్లి సంచులు మోసేదీ ఆవిడ. పేరు ఈయనది.

మొన్న ఆదివారం ఊళ్లో రాజారాణుల పరుగు పెట్టారు. వేలమంది దంపతులు అట్ట కిరీటాలు పెట్టుకుని ఐదు కిలోమీటర్లు పరిగెత్తి, బయల్దేరినచోటికే తిరిగి రావాలి. మన గుమాస్తా రాజావారు భార్యతో బయల్దేరి, మొదటి మలుపు దాకా కిరీటం పట్టుకుని నడిచి, మంచినీళ్ల బల్ల దగ్గర కుర్చీలో కూలబడ్డారు.

"నువ్వు కానీయ్. గడియారం జాగ్రత్త," అన్నారు.

గంట తర్వాత ఆవిడ చెమటలు కక్కుతూ వచ్చింది. వెనక్కి వచ్చి కాచుకున్న ఈయన ఆఖరి పది గజాల్లో పక్కన చేరి, ఆవిడ చెయ్యి పైకెత్తి ఫోటోకి పళ్లికిలించాడు.

"ఈ వయసులో ఇంత హుషారా! రహస్యమేంటండీ?" అంది మైకు పట్టుకున్న అమ్మాయి.

"క్రమశిక్షణమ్మా," అన్నాడు.

ఆవిడ గడియారం విప్పి ఆయన మణికట్టుకి బిగించింది.

"ఇదిగోండి. మీ క్రమశిక్షణ మీ దగ్గరే ఉండనివ్వండి."

వారమైంది. లెక్క రోజుకి నాలుగొందలు దాటడం లేదు. గడియారం పాడైపోయిందని ఆయన షాపువాడితో తగువులాడుతున్నాడు.