తలకిందుల కంబం

మహదేవపురలో మా ఇంటి దగ్గరి పార్కులో ఈమధ్య కట్టిన గ్రంథాలయంలో అడుగుపెట్టగానే పాత టేకు వాసన తగిలి, చేతిలో కూరగాయల సంచితో గుమ్మంలోనే నిలబడిపోయాను. కొత్తగా ఒక్క చెట్టూ కొట్టకుండా, నగరంలో కూల్చేసిన పాత ఇళ్ళ కలపతోనే దాన్ని కట్టారట. కంబాలూ దూలాలూ అన్నీ ఎవరెవరి ఇళ్ళవో. నాకు మాత్రం అది కాటన్‌పేటలో మా తాత ఇంటి వసారా వాసన.

చలికాలం వస్తే ఆ వసారా నిండా అనప చిక్కుడుకాయలు పోసేవాళ్ళు; మా అవ్వ నానిన గింజలను వేళ్ళతో పితుకుతూ వీధి వీధంతటి సంగతులూ చెప్పేది, చెల్లెలు పద్మా నేనూ తొక్కలు ఒకరి మీద ఒకరం విసురుకునేవాళ్ళం, కంబానికున్న ఇనుప కడియానికి కట్టేసిన ఆవు వాటిని తీరిగ్గా ఏరుకు తినేది. ఆ కంబంతోనే వచ్చింది చిక్కు. చెట్టు ఎట్లా పెరిగిందో కంబాన్నీ అట్లాగే, మొదలు కిందికి, చివర పైకి నిలబెట్టాలని వడ్రంగుల కట్టుబాటు. తాత ఇల్లు కట్టించే హడావిడిలో దాన్ని తలకిందులుగా నాటేశారు. వడ్రంగి ఆ సంగతి కనిపెట్టేసరికి మిద్దె వేయడం కూడా అయిపోయింది. ఎండ ముదిరితే చాలు, ఆ కంబం గొంతెండిన మనిషిలా మూలిగేది.

"వేరు పైనుండాది కదప్పా, పాపం దానికి దప్పిక. నీళ్ళు పైనే పొయ్యాల," అని అవ్వ వడ్రంగితో తేల్చి చెప్పింది. తాత నవ్వాడు గానీ కాదనలేదు. అవ్వను కాదని నెగ్గినవాళ్ళు మా ఇంట్లో లేరు. అప్పటినుంచి ప్రతి అమావాస్యకూ ఆమే అటక ఎక్కి పోసేది. మోకాళ్ళు మొరాయించాక ఆ పని పద్మకు వచ్చింది. అమావాస్య పొద్దున చెంబుతో అటక ఎక్కి, కంబం తల మీద నీళ్ళు పోసి, "తాగు, తాగు" అని బుజ్జగించి దిగేది. నాకివ్వలేదని నేను కుళ్ళుకునేదాన్ని.

ఏడేళ్ళకే పద్మ జ్వరంతో పోయింది. ఆ తరవాత అవ్వ ఎవరినీ అటక ఎక్కనివ్వలేదు, నిచ్చెన కూడా పక్కింటివాళ్ళకు ఇచ్చేసింది. అయినా అమావాస్య పొద్దున చూస్తే కంబం పైనుంచి సన్నగా నీళ్ళు కారుతున్నాయి. నేను భయపడి తలుపు చాటుకు పోయాను. అవ్వ ఆ తడిని వేళ్ళకు అద్దుకుని కళ్ళకు పెట్టుకుంది.

"మా పద్దూ మర్సిపోలేదు సూడు," అంది.

అవ్వా తాతా పోయి, ఇల్లు అమ్మి కూల్చేదాకా ఆ తడి ఏ నెలా తప్పలేదు. కలప ఏ లారీ ఎక్కిందో మేమెవరం చూడలేదు. కంబమే లేకపోతే పిల్ల ఎక్కడికని వస్తుంది అనే దిగులు నన్ను ఇన్నేళ్ళూ వదల్లేదు.

గ్రంథాలయంలో కిటికీ పక్క కంబానికి, ఆవును కట్టే ఆ ఇనుప కడియమే కనిపించింది. మా వసారాలో అది మోకాలెత్తున ఉండేది, ఇక్కడ చేయెత్తినా అందనంత పైన వేలాడుతోంది. ఇన్నాళ్ళకు మా కంబాన్ని, వేరు కిందికి వచ్చేలా, సరిగ్గా నిలబెట్టారు.

నేల తుడుస్తున్నావిడ నన్ను చూసి, "జారతాది, పక్కకు రా అక్కా," అంది. "నెలకోతూరి ఈ కంబం కాడ ఇట్లే నీళ్ళు నిలస్తాయి. వాన ల్యాదు, పైపూ ల్యాదు. యాడ్నించి వస్తాయో."

ఆ రోజు అమావాస్య. ఆ వసారా లేదు, అనపగింజలు పితికే చేతులూ లేవు. వంగి కంబం మొదట్లో చెయ్యి పెట్టాను, చల్లగా తడి తగిలింది. మా పద్దూకు ఇప్పుడు అటక ఎక్కే పని తప్పింది.