మా పిల్లలు ఒర్రిన రోజు

మొన్న మా పెద్దబిడ్డ ఫోను ముందేసుకుని, దసరా సెలవుల్లో పిల్లలను హైదరాబాదు దగ్గరి ఆటల పార్కుకు తీసుకుపోవడానికి టికెట్లు చూస్తూ, "అమ్మా, నువ్వూ బాపూ గూడ రావాలె. కానీ వీళ్ళు మస్తు ఒర్రుతరు, నీకు తలకాయ నొస్తదేమో" అన్నది. ఒర్రనీ, గొంతెత్తి అరవనీ, అన్నాను. ఆ మాట వెనక ఎంత కథ ఉందో దానికి సగమే గుర్తు. ఎవరు ఏమన్నదీ మరచిపోయే అలవాటు లేదు కనుక, నాకు మొత్తం గుర్తుంది.

గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్లలో కాపురం చేసినవాళ్ళకు చెప్పనక్కరలేదు, రాత్రి షిఫ్టు నడిచే వారం ఇల్లు ఎలా ఉంటుందో. ఆయన పొద్దున బొగ్గుబాయి నుంచి వచ్చి, ఇంత తిని పడుకుంటే, ఆ రెండు గదుల్లో మేం ముగ్గురం పిల్లుల్లా తిరిగేవాళ్ళం. నా పిల్లలిద్దరూ మాటలతోపాటే గుసగుస నేర్చుకున్నారు. పార్కుకు పోవాలన్న ఆలోచన కూడా వంటింట్లో అలా గుసగుసగానే పుట్టింది. పెద్దది వేలు గుండ్రంగా తిప్పితే రంగులరాట్నం, చిన్నోడు అరచేయి జారిస్తే నీళ్ళ జారుడుబండ.

రెండుసార్లు అనుకున్నాం, రెండుసార్లూ ఆయనకు సెలవు దొరకలేదు. మూడోసారి మా లైనులోని కుటుంబాలన్నీ కలిసి బస్సు మాట్లాడుకున్నాయి. సీట్లు పంచింది నా యారాలు, అంటే మా బావ భార్య. ముందు సీట్లన్నీ తన పుట్టింటివాళ్ళకిచ్చి మమ్మల్ని చివరి వరుసలో పడేసింది సరే, పదిమందిలో "నీ పిల్లలకు నోరే లేదాయె, మూగబొమ్మలను గాడికి తోల్కపోయి ఏం జేస్తవే" అన్నది. ఆ మాట ఇప్పటికీ నా దగ్గర భద్రంగా ఉంది.

బయలుదేరే పొద్దున ఆయన డ్యూటీ నుంచి ఇంకా రాలేదు. బస్సు పోనిమ్మన్నది యారాలు. బాపు లేకుండా మేం ఎక్కమని పిల్లలు నా కొంగు పట్టుకున్నారు. నేను ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద పెట్టి నిలబడ్డాను, తలుపు ఎలా వేస్తారో చూద్దామని. డ్రైవరు హారన్ కొట్టాడు, యారాలు సణిగింది, నేను కదలలేదు. చివరికి ఆయన సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు, కళ్ళ చుట్టూ బొగ్గు కాటుకలా ఉండగానే. చివరి సీటు కుదుపులకు దారంతా కన్ను మూతపడలేదు కనుక, పార్కులోకి పోగానే నీడలో ఒక బెంచీ మీద ఒరిగి నిద్రపోయాడు.

దానికి ఎదురుగానే ఊగే పడవ ఉంది. పిల్లలిద్దరినీ ఎక్కించాను. పడవ పైకి లేచేసరికి అందరి పిల్లలూ కేకలు పెట్టారు. నావాళ్ళిద్దరూ మాత్రం రెండు చేతులతో నోరు మూసుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని, బెంచీ వైపే చూస్తున్నారు, బాపు లేస్తాడని. నా పక్కన యారాలు నవ్వింది, నేను ముందే చెప్పలేదా అన్నట్టు.

జవాబు చెప్పబోయి తిరిగి చూస్తే బెంచీ ఖాళీగా ఉంది. ఆయన ఎప్పుడు లేచాడో, ఎంత చూశాడో తెలియదు. పడవ ఆగగానే పిల్లల మధ్య కూర్చుని, వాళ్ళ నోళ్ళ మీది చేతులు తీసి, "ఒర్రుండ్రి బిడ్డా, గీడ పండుకున్నోళ్ళు ఎవ్వలు లేరు" అని, పడవ లేస్తూనే మొదట తానే అరిచాడు. మెల్లగా మాట్లాడే ఆ మనిషికి అంత గొంతు ఉందని నాకు అప్పుడే తెలిసింది. వెంటనే పిల్లలు అందుకున్నారు. యారాలు చెవులు మూసుకుంది. తిరుగుదారిలో ముందు సీటు దాకా నడిచిపోయి, "అక్కా, మూగబొమ్మల ఒర్రుడు ఇనవడ్డదా" అని అడిగి మరీ వచ్చాను. ఆమె కిటికీలోంచి బయటికి చూసింది.

రాత్రంతా భూమి లోపల పనిచేసి, దొరికిన కాస్త నిద్రనూ వదులుకుని ఆ కేక వేసిన మనిషికి నేనెంత రుణపడి ఉన్నానో మాటల్లో చెప్పలేను. ఆ చివరి సీటును మాత్రం ఇప్పటికీ క్షమించలేదు.

ఆయన రిటైరై, క్వార్టరు వదిలి, ఇక్కడే ఇల్లు కట్టుకున్నాం. మనవలు ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తుంటే ఆయన సరిగ్గా వాళ్ళ మధ్యనే కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. నేను మాత్రం మధ్యాహ్నమైతే, వంటింట్లో గిన్నె దించేటప్పుడు చప్పుడు కాకుండా కింద కొంగు పరుస్తాను, పడుకున్నవాళ్ళు ఎవరూ లేరని తెలిసి కూడా.