అత్త ఫోన్ చదివిన నా బ్లాగు

వారమైంది, ఇంకా మా అత్త మొఖం చూడలేకపోతున్న. అందుకే మా గల్లీ ఇడిసి చాయ్‌కు మీ దోస్తుల కాడికి ఉరికొచ్చిన! నవ్వకుండ్రి, ముందు ఇనుండ్రి.

బీఏ అయినంక మా నానది ఒక్కటే మాట. "మన ఊరు కర్ఖేలికి వాపస్ రా. ధర్మాబాద్ల మిర్చి దుకాణంల నీకు పని చూసిన." నేనేమో బ్లాగు రాసుకుంటనే బతుకుత అన్న. నాన నవ్విండు. నాందేడ్ల ఉండే మా మేనత్త అడ్డం పడ్డది. "అన్నా, ఒక్క ఏడాది నా ఇంట్ల ఉండనీ. చూద్దాం." గట్ల ఆమె ఇల్లు, ఆమె తిండి, ఆమె వైఫై! ఆమె పొమ్మన్నదంటే నా కెరీర్ సీదా మిర్చి బస్తాల కాడికే.

మరి నేను రాసేది దేని మీద? ఆమె మీదనే! ఏం ధైర్యమంటే, నాందేడ్ల మా గల్లీల ఇండ్లల్ల తెలుగే మాట్లాడుతం గానీ చదువులన్నీ మరాఠీ బడిల. తెలుగు అక్షరం ఒక్కరికి రాదు. నేను నిజామాబాద్ల అమ్మమ్మ కాడ నేర్చుకున్న. "ఏం రాసినవ్ బిడ్డా?" అని అత్త అడిగితే, స్క్రీన్ చూసుకుంట "మా అత్త చేతి వంట అమృతం" అని చదివినట్టు చెప్పేదాన్ని. పాపం, మురిసిపోయేది.

పోయిన బేస్తారం మా ఇంట్ల భిశి, అంటే ఆడోళ్ల నెల చీటీ. గల్లీ ఆడోళ్లందరు అచ్చిండ్రు. నేను వంటింట్ల చాయ్ పోస్తున్న. అత్త గొప్పగ ఫోన్ తీసింది. "మా కోడలు రాసింది చూడుండ్రి!"

పక్కింటి సులోచన కాకు, ఈడ పిన్నిని గట్లనే పిలుస్తం, అన్నది, "చూసి ఏం చేస్తం? గీ బటన్ ఒత్తు, ఫోనే చదివి ఇనిపిస్తది."

ఒత్తింది.

ఫోన్లకెళ్లి ఒక ఆడగొంతు, అచ్చం వార్తలు చదివినట్టు: "భిశి రోజు మా అత్త తాజా అటుకుల చుడువను బియ్యం డబ్బా వెనుక దాస్తుంది. మెత్తబడిన పాత చుడువ నవ్వుతూ పెడుతుంది."

నోటికాడి చేతులు నోటికాడనే ఆగినయ్! అత్త మొఖం చూసి నా పానం పోయింది. ఏడ పడితే ఆడ ఒత్తుతుంది, ఆ గొంతు ఆగదు. తర్వాత వచ్చేది ఇంకా ఘోరమని నాకెరికే కదా! ఎట్లన్న ఆపాలె. ఆ భయంల ఒక్కటే తోచింది. ఫోన్ చేస్తే ఆగుతది! అత్త నంబర్ ఒత్తిన.

గొంతు చదువుతనే ఉంది: "సులోచన కాకు ముచ్చట ఒడవకపోతే అత్త కొంగు సర్దుకుంటుంది. అదే సైగ. నేను వంటింట్లోంచి ఫోన్ చేస్తాను. అత్త 'అర్జెంట్ ఫోన్' అని లేస్తుంది."

ట్రింగ్ ట్రింగ్!

అందరి కండ్లు వంటింటి దిక్కు. నేను చెవికి ఫోన్ పెట్టుకొని బొమ్మ లెక్క నిలబడ్డ. సులోచన కాకు నిమ్మళంగ అత్త చేతిలకెళ్లి ఫోన్ తీసుకొని ఎత్తింది.

"హలో. మీ అత్తకు తీరిక లేదు. ఆ బియ్యం డబ్బా ఎనుకది జర పట్కరా బిడ్డా."

పట్కపోయిన. అంతా తిన్నరు. ఒక్కరు నవ్వలే. నన్ను కాపాడిన మనిషిని గల్లీ ముందట నిలబెడితి కదా అని నాకు ఏడుపు ఆగలే.

వాళ్లు పోయినంక అత్త నా దిక్కు చూడలే. నానకు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, జరిగిందంతా చెప్పింది. నేను మనసుల బ్యాగ్ సర్దుకుంటున్న.

"మరి పంపియ్యమంటవా అన్నా? ఆడికొస్తే ఇగ నీ మీదనే రాస్తది."

నాన గొంతు తగ్గించిండు. "ఆడనే ఉండనీ. అది కూడ మంచి కెరీరే అంటుండ్రు" అన్నడు.

అత్త ఫోన్ పెట్టి, మిగిలిన మెత్తటి చుడువ నా ముందటికి నూకింది. "ఇగ నీకిదే."

గట్ల నా కెరీర్ నిలబడ్డది! ఇప్పుడు గల్లీల ఏ ఇంటికి పోయినా తాజా చుడువనే పెడుతుండ్రు. కానీ నన్ను చూడంగనే నోర్లు మూసుకుంటుండ్రు. రాద్దామంటే ఒక్క ముచ్చట దొరుకుతలేదు.

గదేంది, మీరు కూడ సప్పుడు చేస్తలేరు? ఏదన్న మాట్లాడుండ్రే!