పాల ప్యాకెట్లలో వంకాయ నారు

నేను ప్రొద్దుటూరు నుంచి రోజూ బస్సులో జమ్మలమడుగు దగ్గరి ఒక పల్లె బడికి పోయి పాఠాలు చెప్పేదాన్ని. అక్కడ పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండే ఆమె నాకంటే పదేళ్లు పెద్దది. అక్కా అని పిలిచేదాన్ని.

ఒకరోజు వంటగది వెనక గోడ పొడుగునా ఖాళీ పాల ప్యాకెట్లు, పెరుగు డబ్బాలు, సగానికి కోసిన నీళ్ల సీసాలు కనబడినాయి.

"ఏందక్కా ఈ చెత్తంతా? ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు?" అన్నాను.

"చెత్త కాదు మేడం, నారు పోస్తాండా" అంది.

కాల్చిన కమ్మీతో అన్నిటికీ అడుగున బొక్కలు పెట్టింది. పెన్నేటి ఇసుక, ఎర్రమట్టి, బాగా మాగిన పేడ కలిపి నింపింది. వంటకు తెచ్చిన టమోటాల్లో బాగా పండినవి ఏరి, గింజలు బూడిదలో రుద్ది ఆరబెట్టింది. వంకాయ విత్తనాలు వాళ్లింట్లోవే. దుడ్లు పెట్టి కొన్నది ఒక్కటీ లేదు. పదిరోజులకు గోడ వెంబడి అంతా పచ్చగా మొలకలు. నేను చేసిందల్లా మా ఇంట్లో ఖాళీ అయిన ప్యాకెట్లు కడిగి తెచ్చివ్వడమే.

ఆ నెలలోనే తనిఖీకి ఒక ఆఫీసరు వచ్చినాడు. మొలకలు చూసి, "భలే ఉందే! ఎవరి ఆలోచన ఇది?" అన్నాడు. మా హెడ్మాస్టరు నా వైపు చూసినాడు.

"నాదే సార్" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు. ఆమె టీ గ్లాసుల పళ్లెం పట్టుకొని నా పక్కనే ఉంది. నాకూ ఒక గ్లాసు ఇచ్చి లోపలికి పోయింది.

తర్వాత ప్రొద్దుటూరులో టీచర్ల సమావేశం పెట్టి, దీని గురించి నన్నే మాట్లాడమన్నారు. అప్పుడన్నా నిజం చెప్పొచ్చు. చెప్పలేదు. పులివెందుల నుంచి వచ్చిన ఒక టీచరు లేచి, "మా మొలకలు మొదట్లో మెత్తబడి పడిపోతాండాయి మేడం, ఏం చేయాల?" అని అడిగింది. నాకేం తెలుసు? ఒక్క నిమిషమని వరండాలోకి పోయి వంటగదిలోని అక్కకే ఫోన్ చేసినాను.

"నీళ్లు ఎక్కువ పోసింటారు. రెండు రోజులు ఆపి, పైన రోంత బూడిద చల్లమను" అంది. ఎవరికని అడగలేదు.

లోపలికొచ్చి అదే మాట నా మాటగా చెప్పినాను. చప్పట్లు కొట్టినారు.

మరుసటి రోజు ఆమె బియ్యం కడుగుతుంటే పోయి అంతా చెప్పినాను. తలెత్తకుండానే విన్నది.

"నాదని చెప్పింటే నీ ఉద్యోగం ఊడిపోతాండెనా మేడం?"

ఆ సాయంత్రమే హెడ్మాస్టరుకు చెప్పినాను. టీచర్ల గ్రూపులో, ఆ పనంతా ఆమెది, నేను అబద్ధం చెప్పినాను అని రాసినాను. రాసింది ఆమెకు చదివి వినిపిస్తే, "సరేలే" అని పొయ్యి దగ్గరికి పోయింది.

అంతకుముందు నేను కనబడితే చాలు, ఏ డబ్బాలో ఎన్ని మొలిచినాయో తనే పిలిచి చూపించేది. తర్వాత అడిగినదానికి మర్యాదగా జవాబు చెప్పేది, అంతే. నాకు బదిలీ అయ్యేదాకా, తనంతట తానుగా మొక్కల మాట ఒక్కసారి కూడా నాతో ఎత్తలేదు.